ఎండ, ఎత్తు, గాలి: టేకాఫ్‌కు ముందు చేత్తో వేసుకోవలసిన లెక్కలు

మే నెల మధ్యాహ్నం శంషాబాద్ రన్‌వే మీద టేకాఫ్‌కు సిద్ధంగా ఉన్న విమానాన్నీ, జనవరి తెల్లవారుజామున అదే చోట నిలిచిన అదే రకం విమానాన్నీ పోల్చి చూడండి. బరువు, ఇంజిన్, రన్‌వే పొడవు ఏవీ మారకపోయినా, మొదటి విమానం రెండో దానికంటే దాదాపు 3,800 అడుగుల ఎత్తైన చోటు నుంచి బయల్దేరుతున్నట్టు ప్రవర్తిస్తుంది. ఆ 3,800 ఎక్కడి నుంచి వచ్చిందో కాగితం, పెన్సిలు పట్టుకుని మీరే లెక్క కట్టుకోవడం ఎలాగో ఈ వ్యాసం వివరిస్తుంది. కావలసినవి ఐదే అంకెలు: రన్‌వే సంఖ్య, గాలి దిశా వేగాలు, ఆ రోజు వాయుపీడనం, ఉష్ణోగ్రత, విమానాశ్రయం ఎత్తు. శిక్షణలో ఉన్న పైలట్లకు ఇవి పరీక్షలోనూ గాలిలోనూ అక్కరకు వస్తాయి. విమానాలను చూడడం సరదాగా ఉన్నవారికి, ఏ పూట విమానం ఎటువైపు లేస్తుందో, ఎందుకంత దూరం పరుగెత్తుతుందో ముందే ఊహించే వీలు కలుగుతుంది.

ఈ రోజుల్లో ఈ లెక్కలన్నీ కాక్‌పిట్‌లోని టాబ్లెట్ క్షణాల్లో చేసి పెడుతుంది కదా, మరి చేత్తో వేయడమెందుకన్న ప్రశ్న సహజమైనదే. 2009 మార్చి 20న మెల్‌బోర్న్ నుంచి దుబాయ్‌కి బయల్దేరిన ఒక ఎయిర్‌బస్ ఏ340 విమానం బరువు 362.9 టన్నులు కాగా, లెక్క కట్టే పరికరంలో 262.9 టన్నులని నమోదైంది. పరికరం తనకిచ్చిన అంకెకు సరైన సమాధానమే ఇచ్చింది. ఫలితంగా థ్రస్టు, అంటే ఇంజిన్లు ముందుకు నెట్టే బలం, చాలక, తోక నేలకు రాసుకుని, రన్‌వే చివర దాటిన తర్వాత గానీ ఆ విమానం లేవలేదు. అదృష్టవశాత్తూ ప్రాణనష్టం జరగలేదు. సమాధానం సుమారుగా ఎంత రావాలో ముందే మనసులో ఉన్నవారికి మాత్రమే పరికరం చూపిన అంకె తేడాగా కనిపిస్తుంది. నా దృష్టిలో చేతిలెక్క విలువ అంతా ఇక్కడే ఉంది.

రన్‌వే సంఖ్య, గాలి

రన్‌వే ఏ దిక్కుకు చూస్తున్నదో అయస్కాంత దిక్సూచి డిగ్రీల్లో కొలిచి, దగ్గరి పదికి సవరించి, చివరి సున్నాను తీసివేస్తే మిగిలేదే దాని సంఖ్య. శంషాబాద్ రన్‌వేలు తూర్పు పడమరలుగా ఉన్నాయి కాబట్టి, తూర్పుకు పరుగెత్తే విమానానికి అది 09, పడమరకు పరుగెత్తే విమానానికి 27. ఒకే పట్టీ రెండు చివరల సంఖ్యల మధ్య తేడా ఎప్పుడూ 18 ఉంటుంది. సమాంతరంగా రెండు పట్టీలున్నప్పుడు ఎడమదానికి ఎల్, కుడిదానికి ఆర్ చేరుస్తారు. ఎడమ కుడులు చూసేవారిని బట్టి మారతాయి కనుక 09ఎల్ అన్న పట్టీయే ఎదురు చివర నుంచి 27ఆర్ అవుతుంది.

అయస్కాంత ధ్రువాలు స్థిరంగా ఉండవు కాబట్టి కొన్ని దశాబ్దాలకు ఒకసారి పట్టీ కదలకుండానే దాని సంఖ్య మారిపోతుంది. లండన్ దగ్గరి స్టాన్‌స్టెడ్ విమానాశ్రయంలో 2009లో 05, 23 సంఖ్యలను చెరిపి 04, 22 అని రాశారు. దక్షిణ భారతదేశంలో అసలు ఉత్తరానికీ దిక్సూచి చూపే ఉత్తరానికీ తేడా చాలా స్వల్పం కాబట్టి మన లెక్కల్లో దాన్ని వదిలేయవచ్చు. ఇతర దేశాల్లో ఎగిరేవారు మాత్రం ఒక సంగతి గుర్తుంచుకోవాలి: మెటార్ అనే వాతావరణ నివేదికలో గాలి దిశ అసలు ఉత్తరం నుంచి లెక్కించినది, విమానాశ్రయపు కంట్రోల్ టవర్ నోటితో చెప్పే గాలి దిశ దిక్సూచి ఉత్తరం నుంచి లెక్కించినది.

గాలి దిశ అంటే గాలి ఎటు నుంచి వస్తున్నదో ఆ దిక్కు. "240 డిగ్రీలు, 12 నాట్లు" అంటే నైరుతి నుంచి వీస్తున్న గాలి. ఒక నాట్ అంటే గంటకు 1.852 కిలోమీటర్లు. కొత్తగా నేర్చుకునేవారు గాలి పోయే దిక్కును పట్టుకుని లెక్కంతా తలకిందులు చేస్తుంటారు. ఆ అలవాటును మొదటి రోజే వదిలించుకోవడం మంచిది. నైరుతి రుతుపవనాల కాలంలో హైదరాబాద్ మీద పడమటి గాలులు వీస్తాయి కాబట్టి శంషాబాద్‌లో సాధారణంగా 27 వాడుకలో ఉంటుంది, దిగే విమానాలు తుక్కుగూడ, ఆదిభట్ల వైపు నుంచి వస్తాయి. చలికాలంలో తూర్పు, ఈశాన్య గాలులు స్థిరపడ్డాక 09 వంతు వస్తుంది, అవే విమానాలు పడమటి నుంచి దిగుతాయి. విశాఖపట్నం వంటి తీరప్రాంత విమానాశ్రయాల్లో ఈ మార్పు ఒకే రోజులో కూడా జరగవచ్చు, ఎందుకంటే ఉదయం నేల నుంచి సముద్రం మీదికి పోయే గాలి, ఎండ ముదిరాక సముద్రం నుంచి నేల మీదికి తిరుగుతుంది.

రన్‌వే పక్కన స్తంభానికి కట్టి కనిపించే గుడ్డగొట్టాన్ని, అంటే విండ్‌సాక్‌ను, చదవడం కూడా ఈ దశలోనే నేర్చుకోవాలి. దాని సన్నటి చివర గాలి పోయే దిక్కును చూపిస్తుంది, అంటే గాలి వచ్చేది స్తంభం వైపు నుంచి. చాలాచోట్ల కనిపించే రకం సుమారు 15 నాట్ల గాలికి నేలకు సమాంతరంగా పూర్తిగా చాచుకుంటుంది. దాని మీది ఐదు రంగుపట్టీల్లో ఒక్కొక్కటి సుమారు 3 నాట్లకు గుర్తనుకుంటే, ఎన్ని పట్టీలు చాచుకుని ఉన్నాయో చూసి వేగాన్ని అంచనా వేయవచ్చు. టవర్ చెప్పే గాలి విమానాశ్రయంలో ఒకచోట కొలిచినది. మీ చక్రాల పక్కన ఉన్న గాలిని చూపేది విండ్‌సాకే.

గాలిని రెండుగా విడదీయడం

గాలి సరిగ్గా రన్‌వే వెంట వీచే రోజులు అరుదు కాబట్టి, దాన్ని ఎదురుగాలి, అడ్డగాలి అనే రెండు భాగాలుగా విడదీయాలి. రన్‌వే దిశకూ గాలి దిశకూ మధ్య కోణం కనుక్కుని, గాలి వేగాన్ని ఆ కోణపు సైన్‌తో గుణిస్తే అడ్డగాలి, కొసైన్‌తో గుణిస్తే ఎదురుగాలి వస్తాయి. కాక్‌పిట్‌లో త్రికోణమితి పట్టికలు తెరిచే తీరిక ఉండదు కాబట్టి పైలట్లు గడియారాన్ని వాడుకుంటారు. కోణాన్ని నిమిషాలుగా భావించి, అన్ని నిమిషాలు గంటలో ఎన్నో వంతో చూడాలి: 15 డిగ్రీలకు పావు వంతు, 30కి సగం, 45కి ముప్పాతిక, 60 దాటితే మొత్తం గాలినీ అడ్డగాలిగానే లెక్కపెట్టాలి.

ఒక ఉదాహరణ చూద్దాం. రన్‌వే 09, గాలి 130 డిగ్రీల నుంచి 16 నాట్లు. కోణం 40 డిగ్రీలు, అంటే గంటలో మూడింట రెండు వంతులు. 16లో మూడింట రెండు వంతులు సుమారు 10.7 నాట్లు. అసలు సైన్ లెక్క 10.3 ఇస్తుంది. తేడా అర నాట్ కూడా లేదు, పైగా ఉన్నదానికంటే కాస్త ఎక్కువ చూపిస్తుంది కాబట్టి జాగ్రత్త వైపే ఉంది. అయితే ఇదే చిట్కాతో ఎదురుగాలిని కూడా కనుక్కోవాలని, 90 నుంచి కోణాన్ని తీసివేసి వచ్చిన 50 నిమిషాలను వాడితే 13.3 నాట్లు వస్తాయి. కొసైన్ లెక్క మాత్రం 12.3 మాత్రమే చూపుతుంది. ఇక్కడ పొరపాటు ప్రమాదం వైపు ఉంటుంది, ఎందుకంటే లేని ఎదురుగాలిని మనం నమ్ముకున్నట్టవుతుంది. గడియారపు చిట్కాను అడ్డగాలికి పరిమితం చేసి, ఎదురుగాలి విషయంలో పిసినారిగా ఉండడమే మేలు. రవాణా విమానాల నియమాలను రాసినవారు కూడా ఇదే పద్ధతి పాటించారు: టేకాఫ్ లెక్కల్లో చెప్పిన ఎదురుగాలిలో సగానికి మించి లెక్కలోకి తీసుకోకూడదు, వెనకగాలి ఉంటే ఒకటిన్నర రెట్లు తీసుకోవాలి. గాలి ఉండుండి విసురుతున్నట్టు నివేదికలో ఉంటే, అడ్డగాలికి ఆ విసురు అంకెను, ఎదురుగాలికి స్థిరమైన అంకెను వాడండి.

వచ్చిన అడ్డగాలిని మీ విమానపు చేతిపుస్తకంలోని అంకెతో పోల్చాలి. శిక్షణలో ఎక్కువగా వాడే నాలుగు సీట్ల చిన్న విమానం సెస్నా 172ఎస్‌కు ఆ అంకె 15 నాట్లు. ఇది విమానాన్ని పరీక్షించినప్పుడు తయారీదారు పైలట్లు నిరూపించి చూపిన గాలి మాత్రమే, చట్టం గీసిన గీత కాదు. కానీ పదిగంటల అనుభవమున్న విద్యార్థికి ఆ తేడాతో పని లేదు, బోధకుడు పెట్టిన హద్దు అంతకంటే చాలా తక్కువగా ఉంటుంది.

ఎదురుగాలి ఇంత ముఖ్యం కావడానికి కారణం, రెక్క పట్టించుకునేది గాలిలో తన వేగాన్నే తప్ప నేల మీది వేగాన్ని కాదు. 140 నాట్ల దగ్గర లేచే విమానానికి 14 నాట్ల ఎదురుగాలి ఉంటే, నేల మీద 126 నాట్లు అందుకుంటే చాలు. పరుగు దూరం వేగపు వర్గాన్ని బట్టి మారుతుంది కాబట్టి, వేగం పది శాతం తగ్గితే దూరం 19 శాతం తగ్గుతుంది. అదే 14 నాట్లు వెనక నుంచి వీస్తే దూరం 21 శాతం పెరుగుతుంది. చాలా ప్రయాణికుల విమానాలకు వెనకగాలి పరిమితి 10 నాట్లు, కొన్నింటికి 15 అని ఉండడానికి ఇదొక ముఖ్య కారణం. విమానవాహక నౌకలు విమానాలను వదిలే ముందు గాలికి ఎదురుగా తిరిగి వేగం పెంచేది కూడా ఇందుకే.

1903 డిసెంబర్ 17న కిట్టీ హాక్ దగ్గర రైట్ సోదరుల తొలి ఎగురుడు 12 సెకన్లలో 120 అడుగులు సాగిందని అందరికీ తెలుసు. అంటే సెకనుకు 10 అడుగులు, గంటకు ఏడు మైళ్లకు లోపు. మనిషి పక్కనే పరుగు పెట్టగల వేగం. అంత నెమ్మదిగా పోతూ అది గాలిలో నిలవడానికి కారణం, ఆ ఉదయం గంటకు 20 మైళ్లకు మించి ఎదురుగాలి వీస్తుండడమే. పైగా అది గడ్డకట్టే చలి, అక్కడి నీటిగుంటల మీద మంచు పేరుకుంది. తర్వాతి భాగంలో వచ్చే సూత్రాన్ని వాడి చూస్తే, సముద్రమట్టానికి కాస్త పైన ఉన్న ఆ ఇసుకనేల మీద గాలి సాంద్రత, సముద్రమట్టానికి పదిహేను వందల అడుగులకు పైగా దిగువన ఉండవలసినంతగా ఉందని తేలుతుంది. తక్కువ శక్తి గల ఆ ఇంజిన్‌కు గాలి, చలి రెండూ తోడయ్యాయి.

గాలి సాంద్రతను అడుగుల్లో చెప్పడం

విమానపు సామర్థ్యం గాలి సాంద్రత మీద ఆధారపడుతుంది. సాంద్రత తగ్గితే మూడు నష్టాలు ఒకేసారి వస్తాయి: రెక్క తక్కువ ఎత్తుడు బలాన్నిస్తుంది, ప్రొపెల్లరు తక్కువ గాలిని వెనక్కి నెడుతుంది, ఇంజిన్‌కు తక్కువ ఆక్సిజన్ అందుతుంది. సాంద్రతను ఘనపుమీటరుకు ఇన్ని కిలోలని చెబితే పైలట్‌కు ఏమీ తోచదు. అందుకే దాన్ని, ప్రామాణిక వాతావరణంలో అంత పలచని గాలి ఎన్ని అడుగుల ఎత్తున ఉంటుందో ఆ ఎత్తుగా మార్చి చెబుతారు. ఇదే డెన్సిటీ ఆల్టిట్యూడ్. ప్రామాణిక వాతావరణం అంటే సముద్రమట్టం దగ్గర 15 డిగ్రీల సెల్సియస్, 1013.25 హెక్టోపాస్కల్స్, పైకి పోయేకొద్దీ వెయ్యి అడుగులకు సుమారు 2 డిగ్రీలు తగ్గుదల.

లెక్కలో మొదటి మెట్టు ప్రెషర్ ఆల్టిట్యూడ్, అంటే ఇక్కడి పీడనం ప్రామాణిక వాతావరణంలో ఎంత ఎత్తున ఉంటుందో ఆ ఎత్తు. ఏటిస్ అనే రికార్డు చేసిన రేడియో ప్రకటన నుంచి గానీ టవర్ నుంచి గానీ ఆ పూట క్యూఎన్‌హెచ్, అంటే సముద్రమట్టానికి సవరించిన వాయుపీడనం, ఎంతో తెలుసుకోండి. దాన్ని 1013 నుంచి తీసివేసి, వచ్చిన ప్రతి హెక్టోపాస్కల్‌కూ 30 అడుగుల చొప్పున విమానాశ్రయపు ఎత్తుకు కలపండి. క్యూఎన్‌హెచ్ 1013కు మించి ఉంటే తీసివేయండి. విమానంలో కూర్చుని ఉంటే ఇంకా సులువు: ఎత్తు చూపే మీటరైన ఆల్టిమీటర్ చిన్న కిటికీలో 1013 వచ్చేలా మీట తిప్పితే ముల్లు చూపేదే ప్రెషర్ ఆల్టిట్యూడ్. చదువుకున్న తర్వాత మళ్లీ క్యూఎన్‌హెచ్ పెట్టడం మాత్రం మరువకూడదు.

రెండో మెట్టులో, ఆ ప్రెషర్ ఆల్టిట్యూడ్ దగ్గర ఉండవలసిన ప్రామాణిక ఉష్ణోగ్రత కనుక్కోవాలి: 15 నుంచి, వెయ్యి అడుగులకు 2 డిగ్రీల చొప్పున తీసివేయడమే. మూడో మెట్టులో, అసలు ఉష్ణోగ్రత అంతకంటే ఎన్ని డిగ్రీలు ఎక్కువో చూసి, ఒక్కో డిగ్రీకి 120 అడుగుల చొప్పున ప్రెషర్ ఆల్టిట్యూడ్‌కు కలపాలి.

ఇప్పుడు శంషాబాద్‌కు వద్దాం. విమానాశ్రయం ఎత్తు 2,024 అడుగులు. మే మధ్యాహ్నం 42 డిగ్రీలు, క్యూఎన్‌హెచ్ 1003 అనుకుందాం. పీడనం 10 తక్కువ కాబట్టి 300 అడుగులు కలిపితే ప్రెషర్ ఆల్టిట్యూడ్ సుమారు 2,320. అక్కడ ఉండవలసిన ఉష్ణోగ్రత 10.4 డిగ్రీలు, ఉన్నది 31.6 డిగ్రీలు ఎక్కువ. 120తో గుణిస్తే సుమారు 3,790. మొత్తం డెన్సిటీ ఆల్టిట్యూడ్ 6,110 అడుగులు. ఇక జనవరి వేకువన 14 డిగ్రీలు, క్యూఎన్‌హెచ్ 1016 అనుకుంటే, ప్రెషర్ ఆల్టిట్యూడ్ 1,934, ఉండవలసినది 11.1 డిగ్రీలు, తేడా 2.9 డిగ్రీలే కాబట్టి కలిసేది 350 అడుగులు; మొత్తం సుమారు 2,280. ఈ రెంటి మధ్య తేడాయే మొదట చెప్పిన 3,800 అడుగులు. ఇందులో పీడనం వాటా 400 అడుగులు కూడా లేదు, మిగిలినదంతా ఎండదే.

తేమను ఈ సూత్రం పట్టించుకోదు. నీటిఆవిరి అణువు పొడిగాలి సగటు అణువు కంటే తేలిక, సుమారు 18కి 29 చొప్పున, కాబట్టి ఉక్కపోసే గాలి బరువైనదనిపించినా నిజానికి పలచనిది. హైదరాబాద్ ఎండాకాలపు పొడిగాలిలో దీనిని వదిలేయవచ్చు. తీరంలో కుదరదు: విశాఖలో 36 డిగ్రీలు, 70 శాతం తేమ ఉన్న మధ్యాహ్నం, సూత్రం చెప్పిన అంకెకు మరో ఐదారు వందల అడుగులు చేర్చుకోవాలి.

లేహ్ విషయం వేరు. ఆ విమానాశ్రయం 10,700 అడుగులకు దగ్గరగా ఉంది. పీడనం ప్రామాణికమే అనుకున్నా, 25 డిగ్రీల వేసవి మధ్యాహ్నం అక్కడి డెన్సిటీ ఆల్టిట్యూడ్ 14,400 దాటుతుంది. సెస్నా 172ఎస్ పుస్తకంలో దాని ఎత్తు పరిమితి 14,000 అడుగులు; అంటే ఆ విమానం లేహ్ నేల మీద నిలబడే తన పరిమితిని దాటేసినట్టు. పెద్ద విమానాలు కూడా అక్కడ ఎక్కువగా ఉదయం పూటే రాకపోకలు సాగిస్తాయి. మధ్యాహ్నానికి ఎండకు తోడు లోయగాలులు కూడా పెరుగుతాయి.

ఎయిర్‌స్పీడ్ మీటరు మారదు, నేల మారుతుంది

ఇక్కడ కొత్త పైలట్లను తికమకపెట్టే విషయం ఒకటుంది. రెక్కకు కావలసిన ఎత్తుడు బలమూ, ఎయిర్‌స్పీడ్ మీటరు కొలిచే పీడనమూ ఒకే గాలిసాంద్రత మీద ఆధారపడతాయి కాబట్టి, విమానం లేచే వేగం మీటరు మీద మే నెలలోనూ జనవరిలోనూ ఒకటే. సెస్నా 172ఎస్‌ను రెండు సందర్భాల్లోనూ 55 నాట్ల దగ్గరే పైకి తిప్పాలి. కానీ ఆ 55 కనిపించే సమయానికి గాలిలో అసలు వేగం పైన చెప్పిన మే మధ్యాహ్నం 60 నాట్లు, జనవరి వేకువన 57 నాట్లు ఉంటుంది. చేతిలెక్కకు వెయ్యి అడుగుల డెన్సిటీ ఆల్టిట్యూడ్‌కు 2 శాతం చొప్పున పెంచితే కాస్త అటూ ఇటూగా ఇదే వస్తుంది. ఎండలో రన్‌వే పక్క గుర్తులు వేగంగా వెనక్కి పరుగెత్తుతుంటే, వేగం సరిపోయిందని కన్ను చెబుతుంది. ఆ కన్ను మాట విని ముందే యోక్ (విమానాన్ని నడిపే చేతిచక్రం) లాగితే, విమానం నేలను అంటిపెట్టుకున్న గాలి మీద కాసేపు తేలి, పైకి పోలేక మళ్లీ కిందికి కుంగుతుంది. అటువంటి రోజు చూపు మీటరు మీదే ఉంచాలి.

మూడు నాట్ల తేడా చిన్నదనిపించవచ్చు. దూరం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి దాని వల్లనే పరుగు సుమారు 12 శాతం పెరుగుతుంది. గాలి 11 శాతం పలచబడినందున టర్బోలేని పిస్టన్ ఇంజిన్ శక్తి కూడా దాదాపు అంతే తగ్గుతుంది. రెండూ కలిస్తే పరుగు పావు వంతుకు పైగా పొడవవుతుంది. లేచిన తర్వాత కూడా ఇబ్బంది తప్పదు. 172ఎస్ సముద్రమట్టం దగ్గర నిమిషానికి 730 అడుగులు ఎక్కుతుంది, 14,000 దగ్గర 100 అడుగులే. ఈ రెంటి మధ్య గీత గీసి చూస్తే, వెయ్యి అడుగులకు 45 చొప్పున తగ్గుతూ వచ్చి, 6,110 దగ్గర నిమిషానికి 455 అడుగులే మిగులుతాయి.

జెట్ విమానాల్లో ఇదే ఎండ వేరే రూపంలో కనిపిస్తుంది. వాటి ఇంజిన్లు ఒక ఉష్ణోగ్రత వరకు, చాలావాటికి సముద్రమట్టం దగ్గర 30 డిగ్రీల వరకు, ఒకే థ్రస్టు ఇచ్చేలా సర్దుబాటు చేసి ఉంటాయి. అది దాటాక టర్బైన్ వేడెక్కకుండా థ్రస్టు తగ్గుతుంది. పైలట్లు దీన్నే తెలివిగా తిప్పి వాడుకుంటారు. పొడవైన రన్‌వే మీద, తేలికగా ఉన్న విమానంలో పూర్తి థ్రస్టు అక్కరలేదు కాబట్టి, బయట 25 డిగ్రీలున్నా కంప్యూటర్‌కు 50 అని చెబుతారు. ఇంజిన్ అంత ఎండలో ఇవ్వగలిగినంతే ఇస్తుంది, దాని ఆయుష్షు పెరుగుతుంది. ప్రయాణికులు పూర్తి బలంతో లేచిందనుకునే విమానాల్లో చాలా మటుకు నిజానికి ఇలా తగ్గించిన బలంతోనే లేస్తాయి. శంషాబాద్‌లో 4,260 మీటర్ల రన్‌వే ఉండడం వల్ల ఈ వెసులుబాటు పుష్కలం.

పట్టికలకు కూడా అంచు ఉంటుందని గుర్తుంచుకోవాలి. 1990 జూన్ 26న అమెరికాలోని ఫీనిక్స్‌లో ఎండ 50 డిగ్రీలకు చేరినప్పుడు, అంత ఉష్ణోగ్రతకు పట్టికల్లో అంకెలే లేక విమానాలు నిలిచిపోయాయి. 2017 జూన్‌లో అదే ఊళ్లో 48 డిగ్రీల పరిమితి ఉన్న చిన్న జెట్ విమానాల ప్రయాణాలు పదుల సంఖ్యలో రద్దయ్యాయి, పెద్ద విమానాలు మాత్రం ఎగిరాయి. ఎత్తైన చోట్ల టైర్ల పరిమితి కూడా అడ్డం వస్తుంది: తరచుగా కనిపించే టైరు పరిమితి 195 నాట్లు, అది నేల మీది వేగానికి సంబంధించినది. మీటరు మీద 150 చూపే విమానం మధ్యాహ్నపు లేహ్‌లో నేల మీద 185 దాటి ఉంటుంది. దానికి కాస్త వెనకగాలి తోడైతే ఇక మిగిలేదేమీ ఉండదు.

చివరి దూరం

చేతిపుస్తకంలో మీ ఎత్తుకూ ఉష్ణోగ్రతకూ సరిపడే పట్టిక ఉంటే దాన్నే వాడాలి. పట్టిక అందుబాటులో లేనప్పుడు, లేదా వచ్చిన సమాధానం సబబో కాదో చూసుకోవడానికి, యునైటెడ్ కింగ్‌డమ్ పౌర విమానయాన అథారిటీ తేలికపాటి విమానాల కోసం ప్రచురించిన గుణకాలు బాగా పనికొస్తాయి. టేకాఫ్ దూరాన్ని ప్రతి వెయ్యి అడుగుల ఎత్తుకు 1.1తో, ప్రతి 10 డిగ్రీల అదనపు ఎండకు 1.1తో, 10 శాతం అదనపు బరువుకు 1.2తో, గట్టి నేల మీది పొడిగడ్డికి 1.2తో, తడిగడ్డికి 1.3తో, 2 శాతం ఎగువ వాలుకు 1.1తో, లేచే వేగంలో పదో వంతు వెనకగాలికి 1.2తో గుణించాలి. వీటిని కూడకూడదు, ఒకదాని మీద ఒకటిగా గుణించాలి. చాలామంది దారి తప్పేది ఇక్కడే. అన్నీ అయ్యాక భద్రత కోసం 1.33తో మరోసారి గుణించాలి.

బేగంపేట నుంచి నిండు బరువుతో బయల్దేరే 172ఎస్‌ను తీసుకుందాం. సముద్రమట్టంలో, ప్రామాణిక వాతావరణంలో, 50 అడుగుల అడ్డంకిని దాటడానికి పుస్తకం చెప్పే దూరం 1,630 అడుగులు. బేగంపేట ఎత్తు 1,742 అడుగులు. క్యూఎన్‌హెచ్ 1003 అయితే ప్రెషర్ ఆల్టిట్యూడ్ 2,040, అంటే 1.1 రెండుసార్లు. ఎండ 41 డిగ్రీలైతే ఉండవలసిన 11 కంటే 30 ఎక్కువ, అంటే 1.1 మరో మూడుసార్లు. ఐదుసార్లు గుణిస్తే 1.61 వస్తుంది, దూరం 2,625 అడుగులు, అంటే 800 మీటర్లు, భద్రతతో కలిపి 1,065 మీటర్లు. బేగంపేట రన్‌వే దీనికన్నా ఎంతో పొడవైనది కాబట్టి అక్కడ బెంగ లేదు. చిన్న ఎయిర్‌స్ట్రిప్ అయితే, అందులోనూ గడ్డి నేలైతే, ఇదే లెక్క ఆ రోజు ప్రయాణాన్ని ఆపేయవచ్చు. అప్పుడు చేయగలిగినవి రెండే: బరువు తగ్గించడం, వేళ మార్చడం. పదో వంతు బరువు దించితే దూరం దాదాపు ఆరో వంతు తగ్గుతుంది, కాబట్టి ట్యాంకులో ఎంత పెట్రోలు నిజంగా కావాలో ముందే తేల్చుకోవడం ఆలోచించదగ్గది; అయితే తప్పనిసరి నిల్వ ఇంధనాన్ని మాత్రం ముట్టుకోకూడదు. వేళ విషయానికొస్తే, తెలంగాణ ఎండాకాలంలో ఉదయం ఏడు గంటల లోపు ఎగిరే పాఠానికీ మధ్యాహ్నం రెండింటి పాఠానికీ మధ్య పై గుణకాల్లో కనీసం ఒక 1.1 తేడా ఉంటుంది.

లెక్క ఎంత బాగా వేసినా, ఇంజిన్ అలసిపోయి ఉండవచ్చు, టైరులో గాలి తగ్గి ఉండవచ్చు, గాలి దిశ మధ్యలో మారవచ్చు. అందుకు పరుగు మధ్యలోనే పరీక్ష పెట్టుకోవాలి. వేగం సమంగా పెరుగుతుంటే పరుగు దూరం వేగపు వర్గాన్ని బట్టి ఉంటుంది కనుక, సగం దూరం వచ్చేసరికి కావలసిన వేగంలో 0.7 వంతు వచ్చి ఉండాలి. రన్‌వే పొడవులో సగాన్ని సూచించే గుర్తు ఒకటి, టాక్సీవే కలిసే చోటో, పక్కనున్న బోర్డో, ఇంజిన్ పూర్తి శక్తికి తేకముందే ఎంచుకోండి. 55 నాట్ల దగ్గర లేచే విమానానికి 0.7 వంతు అంటే 39 నాట్లు. ఆ గుర్తు దాటే క్షణానికి మీటరు 39 చూపకపోతే, థ్రాటిల్ పూర్తిగా వెనక్కి లాగి, బ్రేకులు వేసి, మిగిలిన సగంలో ఆగాలి; వెనక్కి టాక్సీ చేస్తూ టవర్‌కు ఆ మాట చెబితే సరిపోతుంది.